పంతొమ్మిదో ప్రశ్న

పొగతోటలో రాత్రి రెండయినా
మందుల షాపు ఒకటో రెండో తెరిచే ఉంటాయి.
మా మూడో అంతస్తులో మాత్రం
ఫ్యాను కింద కేసు షీట్లు తప్ప ఏదీ కదలదు.
హెప్సిబా బల్ల మీద తల వాల్చింది.
ఫోన్లో అరవై నిమిషాలు పెట్టుకుని
నేను రీడింగు పేపరు తీశాను.

మొదటి పాసేజీ తేనెటీగలు.
పదమూడుకి పది వస్తాయనుకుంటా.
రెండోది ఉప్పు.

నవ్వొచ్చింది.
ఇస్కపల్లిలో పుట్టినదాన్ని,
ఉప్పు గురించి నన్నా అడిగేది?

రిజ్వాన్ సారు చెప్పిన వరసే:
ముందు ప్రశ్నలు, తర్వాత పేరాలు.
చదవొద్దు, వెతుకు అంటాడాయన.
చేపలో ముల్లు తీసినట్టు కాదు,
బస్సు బోర్డు చూసినట్టు.
నువ్వు ఎక్కాల్సింది అల్లూరు బస్సయితే
కావలి బస్సు మీద ఏం రాసుంటే నీకెందుకు?

వెతికాను. మూడో పేరాలో దొరికింది.
ఏ తీరమో పేరు లేదు, ఏ కాలమో లేదు.
ఉప్పు మడుల్లో పనంతా మగవాళ్లదట,
ఆడవాళ్లు ఇంటి పట్టున సంచులు కుట్టేవారట.
పంతొమ్మిదో ప్రశ్న:
ఉప్పు లాగే పని ఆడవాళ్లు చేయలేదు.
ట్రూనా, ఫాల్సా, నాట్ గివెనా?

పెన్సిలు అక్కడ ఆగింది.

మా అమ్మ చెంచమ్మ
చుక్క ఉండగానే కొఠారుకి పోయేది,
ఎండెక్కితే కయ్యలు కళ్లల్లోకి కొడతాయని.
చెక్క పారతో లాగుతుంటే
తేటనీళ్ల కింద ఉప్పు పెళ్ల
అప్పడం విరిగినట్టు విరిగేది.
మడమల పగుళ్లకి ఆముదం మెత్తి
పాత చీర పేలికలు చుట్టుకునేది.
నేను కట్టిన మొదటి డ్రెస్సింగు ఆ కాళ్లకే,
ఆరో తరగతిలో.

సారు ఎర్ర మార్కరుతో బోర్డు మూల రాసిన మాట
ఎవరినీ తుడవనివ్వడు:
నీకు తెలిసింది రాయకు, పేరాలో ఉన్నది రాయి.
గూడూరు నుంచి వచ్చే కుర్రాడు లేచి అడిగాడొకసారి,
పేరాలో ఉన్నదే తప్పయితే సార్?
సారు మార్కరుకి మూత పెట్టాడు.
తప్పయినా అదే రైటు.
ఆరున్నర బ్యాండు చాలనుకుంటే వాదించు, పో.

ఏడో బెడ్ నుంచి గంట.
సెలైను సీసా అడుగుకొచ్చింది.
కొత్తది తగిలించి చుక్కలు లెక్కపెట్టాను.
సోడియం క్లోరైడు అని
రోజుకి నలభైసార్లు చదువుతాను దాని మీద.
ఇన్నేళ్లలో ఒక్కసారీ
ఇది ఉప్పే కదా అనిపించలేదు.

వచ్చేసరికి పదహారు నిమిషాలున్నాయి,
మూడో పాసేజీ మొత్తం అట్నే ఉంది.
టైమరు ఆపితే అలవాటు తప్పుతుంది.
ట్రూ అని రాసి పేజీ తిప్పేశాను.

తర్వాత కీ చూసుకున్నాను.
నలభైకి ఇరవై తొమ్మిది. ముప్పై కావాలి నాకు.
పంతొమ్మిది రైటే.
మా అమ్మని ఆ కయ్యలోంచి తప్పించినందుకు
ఒక మార్కు.

ఎనిమిదిన్నరకి డ్యూటీ దిగి
ఆత్మకూరు బస్టాండు దగ్గర టీ తాగతా ఫోన్ చేశాను.
అమ్మ అప్పుడే కొఠారు నుంచొచ్చి సద్దన్నం తింటోంది.
ఉప్పు ఆడోళ్లు లాగరంట మా, ఇంగిలీషు పుస్తకంలో ఉంది.

నమిలి, మింగి,
పచ్చిమిరపకాయ కొరికిన చప్పుడయ్యాక అంది:
ఎవురు రాసిందది? పొద్దెక్కినాక వచ్చుంటాడు.
మేం మూడింటికి పోయి ఎనిమిదికి ఇల్లు చేరతాం.
ఆయనకి యాడ కనపడతాం?

కాసేపు ఇద్దరం ఏం మాట్లాడలేదు.

నీకు మార్కు పడిందా లేదా?
పడింది మా.
ఇంకేం. పోయి పడుకో,
రాత్రికి మళ్లీ డూటీ గదా.